హాస్టల్ రికార్డులో అనాథ అని రాసిన పిల్ల

కొత్తగా బాలికల హాస్టల్ వార్డెన్లుగా చేరిన ముగ్గురు అమ్మాయిలు ఆమధ్య తెనాలిలో మా ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్ళు ఈ ఉద్యోగం చేశాను కాబట్టి ఏమైనా చెప్పమన్నారు. స్టాకు రిజిస్టరు ఎలా రాయాలి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు ఏమేం అడుగుతారు, వంటమనిషి చెప్పకుండా మానేస్తే ఏం చేయాలి, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. తెలిసినంత చెప్పాను. అవన్నీ ఆరు నెలల్లో వాటంతట అవే వచ్చేస్తాయి. వెళ్ళబోతూ ఒకమ్మాయి, "ఇన్నేళ్ళలో మీరు చేసిన పెద్ద తప్పేంటి మేడమ్?" అని నవ్వుతూ అడిగింది. వందమంది పిల్లల ఉప్మాలో రెండుసార్లు ఉప్పు వేయించిన కథ చెప్పి పంపించేశాను.

ఆ అమ్మాయికి చెప్పాల్సిన అసలు జవాబు ఇది.

పిల్లల్ని చూసే పని

వార్డెన్ ఉద్యోగం అంటే అన్నం, నీళ్ళు, జ్వరాలు, పేలు. ఆ పైన ఒక్కటే పని ఉంది, చూడటం. ఇంటి దగ్గర ఏం జరుగుతోందో పిల్ల నోటితో చెప్పదు, ఒంటితో చెబుతుంది. ఇడ్లీలు గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచుకునే పిల్ల ఉంటే, శనివారం ఇంటికి వెళ్ళినప్పుడు తమ్ముడికి పెట్టాలని దాస్తోందన్నమాట. దొంగతనం అని కొట్టకండి. నేను ఒకసారి కొట్టాను.

చూడటం నాకు బాగానే వచ్చింది. చూసినదాన్ని కడుపులో దాచుకోవడం రాలేదు.

మాది కాకుమాను వైపు పొలాలున్న కుటుంబం. విప్లవం అనేది మా ఇంట్లో పేపర్లో చదివి మడత పెట్టేసే మాట. ఎవరో అడవుల్లో తుపాకులు పట్టుకుని తిరుగుతారు, ఎవరో కాలుస్తారు, ఎవరో చస్తారు. వాళ్ళకి పిల్లలుంటారని, ఆ పిల్లలకి కూడా మూడో తరగతి, నాలుగో తరగతి ఉంటాయని నాకు ఎప్పుడూ తోచలేదు.

రూతు

ఆ హాస్టల్ ఉన్న ఊరి పేరు రాయను. రేపల్లె నుంచి బస్సులో అరగంట. అక్కడ చేరిన రెండో ఏడు, ఎస్తేరమ్మ అనే కూలిపని చేసుకునే పెద్దావిడ ఎనిమిదేళ్ళ మనవరాలిని తీసుకొచ్చింది. వెంట ఆమె కొడుకు దానియేలు ఉన్నాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, సైకిలు షాపులో పని.

"తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారండి. నేను నాట్లకి పోతే పిల్లని చూసేవాళ్ళు లేరు" అంది ఎస్తేరమ్మ.

అనాథ అన్న చోట గుర్తు పెట్టి చేర్చుకున్నాను. పిల్ల పేరు రూతు.

రూతు అని పిలిస్తే ఆ పిల్ల వెంటనే పలికేది కాదు. ఎవరినో పిలుస్తున్నారన్నట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు తలెత్తేది. చెప్పులు తొడుక్కునే పడుకునేది. ఒకరోజు మా పై అధికారి జీపు వచ్చి గేటు దగ్గర ఆగితే రూతు కనబడకుండా పోయింది. గంట వెతికాం. స్టోరు గదిలో బియ్యం బస్తాల వెనక, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఊపిరి కూడా వినబడడం లేదు.

బొమ్మల పోటీ పెట్టి ఇల్లు గీయమన్నాను. అందరూ ముందు ఒక తలుపు గీశారు. రూతు వెనక కూడా ఒక తలుపు గీసి, అక్కణ్ణుంచి ఒక దారి గీసింది.

"వెనక తలుపు దేనికే?" అన్నాను.

"అది లేకపోతే ఎలాగండి మేడమ్?" అంది నావైపు వింతగా చూస్తూ.

నాలుగైదు నెలలకోసారి ఆదివారం పూట రూతుని చూడ్డానికి ఒకావిడ వచ్చేది. దానియేలు బస్టాండు నుంచి సైకిలు మీద తీసుకొచ్చి దించేవాడు. వచ్చినవాళ్ళు రాసే పుస్తకంలో సంబంధం అన్నచోట 'పిన్ని' అని రాసేది. చక్కటి దస్తూరి. చీర మామూలు నైలాను చీరే, అలాంటి పాదాలు మాత్రం నేను ఎవరికీ చూడలేదు. మడమలు రాళ్ళ మీద అరిగిపోయి, పిక్కల నిండా మానిన గాయాలు. వచ్చినంతసేపూ రూతు జుట్టు దువ్వి జడలు వేస్తూనే ఉండేది. వేసిన జడ విప్పి మళ్ళీ వేసేది.

ఏడాది గడిచాక రూతుకి పెద్ద జ్వరం వచ్చింది. నా గదిలో పడుకోబెట్టుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం జావ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆవిడ పిన్ని కాదు మేడమ్. మా అమ్మ."

గిన్నె పక్కన పెట్టాను. "మరి చనిపోయిందన్నారు కదమ్మా?"

"అలా చెప్పమంది. నాన్న నిజంగానే చనిపోయాడు. అడవిలో కాల్చేశారు. అమ్మ సంగతి ఎవరడిగినా చనిపోయిందనే చెప్పాలి."

తరవాత ఒక్కొక్కటే చెప్పింది. ఆ పిల్లకి ఆరేళ్ళు వచ్చేలోపు నాలుగు ఊళ్ళు, నాలుగు ఇళ్ళు, నాలుగు పేర్లు. ఒక ఊళ్ళో లత, ఇంకో ఊళ్ళో జ్యోతి. ఇంటికి వచ్చినవాళ్ళని మామయ్యా అని పిలవాలి, మొహం గుర్తుపెట్టుకోకూడదు. వీధిలో అమ్మ ఎదురైనా, అమ్మ పలకరిస్తే తప్ప పలకరించకూడదు. రూతు అన్నది నాన్న పోయాక అమ్మమ్మ చర్చిలో పెట్టించిన పేరు.

"ఎవరికీ చెప్పకండి మేడమ్" అంది చివరికి.

"చెప్పనమ్మా" అన్నాను.

నేను చేసిన పని

తరవాతి నెల బాపట్లలో మీటింగు. అయిపోయాక మా పై అధికారి గదిలోకి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకి దుప్పట్లు పలచగా ఉన్నాయని సరఫరాదారుతో పోట్లాడిన మనిషి. ఆయనతో అన్నాను: "సార్, ఒక పిల్లని అనాథ అని రాశాం. తల్లి బతికే ఉంది. రికార్డు ఎలా సరిచెయ్యాలి?"

రికార్డు గురించి అడగడానికే వెళ్ళానని ఇరవై ఏళ్ళకి పైగా నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం భయం. అడవిలో ఉన్న మనిషి నా హాస్టల్‌కి వస్తోందని తెలిసీ దాచానని బయటపడితే నా ఉద్యోగం ఏమవుతుందన్న భయం. అడవిలో ఉన్న మనిషి అంటే మా ఇంట్లో ఉన్న భయం కూడా.

ఆయన తలుపు వేసి వచ్చి మొత్తం విన్నాడు. "నాకు చెప్పి మంచి పని చేశారు. ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"పరీక్షలయ్యాక రెండో ఆదివారం అని వాళ్ళ మేనమామ పిల్లతో చెప్పాడు సార్."

నా నోటితో నేనే ఏ రోజో చెప్పాను.

ఆ ఆదివారం పొద్దున్నే రెండు జంటలు వచ్చాయి. చేతుల్లో అరటిపళ్ళు. ఎవరి తాలూకు అంటే ఐదో తరగతి లక్ష్మి అన్నారు. ఏ హాస్టల్లోనైనా ఐదో తరగతిలో లక్ష్మి ఉంటుంది. లోపలికి పంపాను. పదకొండింటికి రూతు తల్లి వచ్చింది. వరండాలో కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వడం మొదలుపెట్టింది. ఒక జడ అయింది. రెండోది మూడు పాయలు తీసేసరికి ఆ ఇద్దరు ఆడవాళ్ళూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. మగవాళ్ళు వెనక నిలబడ్డారు. మామూలు బట్టల్లో వచ్చిన పోలీసులు.

ఆమె అరవలేదు. "పిల్లల ముందు వద్దు. నేనే వస్తాను" అంది. నడిచి గేటు దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదని వాళ్ళకి నేర్పిస్తారేమో.

వందమంది ఆడపిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వంటమనిషి ఏం చెయ్యాలో తోచక అన్నం గంట కొట్టింది. రూతు ఒక జడతో, ఒకవైపు విరబోసిన జుట్టుతో వెళ్ళి కంచం తెచ్చుకుని వరసలో నిలబడింది. నేను దగ్గరికి వెళ్ళాను.

"నేనే చెప్పాను" అంది చిన్నగా. నాతో కాదు, కంచంతో చెబుతున్నట్టు.

నువ్వు కాదమ్మా, నేను చెప్పాను అనాలి. అంతే, నాలుగు మాటలు. "అన్నం తిను" అన్నాను.

తోటి వార్డెన్లకి నేను చెప్పగలిగింది ఇదే. భయపడి అధికారికి చెప్పినందుకు నన్ను తప్పుపట్టేవాళ్ళుంటారు, మెచ్చుకునేవాళ్ళూ ఉంటారు. చట్టం నావైపే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల నా తప్పుని తన తప్పనుకుంటుంటే చూస్తూ ఊరుకున్నానే, దానికి ఏ చట్టమూ నావైపు లేదు.

లారీ ప్రమాదం

వారం తరవాత ఎస్తేరమ్మ వచ్చింది. పిల్లని తీసుకెళ్ళిపోతుందనుకున్నాను.

"ఎక్కడికి తీసుకెళ్ళమంటారండి?" అంది. "ఇక్కడైతే వేళకి అన్నం పెడతారు. మీరు మంచివారు. మంచివారనే కదండీ ఇక్కడ చేర్పించాను."

ఆ మాటకి తల దించుకుని పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు నటించాను.

ఇంకో రెండు నెలలకి దానియేలుని లారీ గుద్దిందని, రెండు కాళ్ళూ విరిగాయని తెలిసింది. పెళ్ళి కుదిరి ఉందట, అదీ తప్పిపోయింది. అయ్యో పాపం అనుకున్నాను. రెండు నెలల తేడాలో ఒకే ఇంట్లో రెండు దెబ్బలేంటని ఒక్కసారైనా ఆలోచించలేదు. లారీ అని నమ్మడం సుఖంగా ఉంది, నమ్మాను.

రూతు దాదాపు ఏడాది మాట్లాడలేదు. టీచరు అడిగితే పలక మీద రాసి చూపించేది. అందరూ మెల్లగా అలవాటుపడ్డారు. నాకు బాపట్లకి బదిలీ అయినప్పుడు పిల్లలందరూ ఏడ్చారు. రూతు ఏడవలేదు. నా ట్రంకు పెట్టె ఒకవైపు పట్టుకుని బస్సు దాకా మోసుకొచ్చింది.

కంటి ఆసుపత్రి

రిటైరయ్యి తెనాలిలో ఉంటున్నాను. పోయిన ఏడు కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని పడుకుంటే నర్సు వచ్చి చుక్కల మందు వేస్తోంది.

"తల కొంచెం పైకెత్తండి మేడమ్... నన్ను గుర్తుపట్టలేదు కదా. నేను రూతుని."

కళ్ళు తెరవబోయాను. "తెరవకండి" అని రెప్పల మీద వేళ్ళు ఆనించింది.

ఆపరేషన్ అయ్యి కన్నుకి కట్టు కట్టాక, పని తెమిల్చుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. చీకట్లోనే విన్నాను. తల్లి కరుణమ్మ చాలా ఏళ్ళు జైల్లో ఉండి విడుదలైంది. ఇప్పుడు కర్లపాలెంలో దానియేలు దగ్గర ఉంటోంది. అమ్మమ్మ అక్కడే పోయింది. రూతుకి పెళ్ళయింది, ఒక పాప.

"మామయ్యే చదివించాడు మేడమ్. ఆ కాళ్ళతోనే షాపు పెట్టుకుని నర్సింగ్‌లో చేర్పించాడు."

"లారీ ప్రమాదం కదమ్మా?"

"లారీ ఏంటి మేడమ్? దళం వాళ్ళు కొట్టారు. అమ్మని పట్టించింది మామయ్యే అని. ఆ ఆదివారం సంగతి బయట తెలిసింది మామయ్య ఒక్కడికే కదా."

"అమ్మమ్మ కూడా అదే నమ్మింది. మామయ్య చేతి మంచినీళ్ళు కూడా తాగకుండా పోయింది. నిజానికి చెప్పింది నేను కదా మేడమ్. మీకు చెప్పాను, మీ గది కిటికీ బయట ఎవరో విని ఉంటారు. చిన్నప్పటి నుంచీ అందరితో అందామని నోటిదాకా వస్తుంది. మామయ్యకి కాళ్ళు పోయింది నావల్ల అని ఎలా చెప్పను? మా ఆయనతో కూడా అనలేదు."

కట్టు కట్టిన కన్ను, మూసుకున్న కన్ను. మనిషి మొహం చూడకుండానే చెప్పాను. బాపట్ల మీటింగు, తలుపు వేసిన గది, రెండో ఆదివారం, అన్నీ. చెప్పడం అయ్యాక లేచి వెళ్ళిపోయిందనుకున్నాను.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళు మేడమ్" అంది అక్కడే ఉండి. గొంతు నర్సు గొంతు కాదు, అప్పటి పిల్లది. "తొమ్మిదేళ్ళు."

తరవాత అంది: "కట్టు విప్పాక కర్లపాలెం రండి. వాళ్ళిద్దరి ముందూ చెప్పండి. నేను చెబితే నమ్మరు."

కర్లపాలెం

వెళ్ళకుండా ఉండటానికి రెండు వారాలు కారణాలు వెతికాను. మూడో వారం బాపట్ల దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. రోడ్డు పక్కన సైకిళ్ళు, బళ్ళు బాగుచేసే చిన్న షాపు, వెనకే ఇల్లు. దానియేలు నేల మీద పీటేసుకుని టైరు విప్పుతున్నాడు. తల నెరిసింది. "లోపలికి వెళ్ళండమ్మా, అక్క ఉంది" అన్నాడు. నేనెవరో తెలిసినట్టు లేదు.

రూతు అప్పటికే వచ్చి ఉంది. కరుణమ్మ పాదాలు ఇప్పుడు మామూలుగానే ఉన్నాయి. గోడకి ఆనుకుని మొత్తం వింది. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నన్ను తిడుతుందని, కొడుతుందని సిద్ధపడి వెళ్ళాను.

"జైలు నుంచి కబురు పంపింది నేనేనండి" అంది.

అర్థంకాక చూశాను.

"తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదు, వాడే చెప్పి ఉంటాడు అని మావాళ్ళకి కబురు పంపింది నేనే."

రూతు గబుక్కున లేచింది. "అమ్మా!"

"కొడతారని తెలియదా మీకు?" అన్నాను.

"తెలుసు." ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. "ఉద్యమం ముందు సొంతవాళ్ళు ఎక్కువ కాదని మాకు చెప్పేవాళ్ళు. నేనూ చాలామందికి చెప్పాను. కూలి పిల్లలు బడికి పోవాలని, అమ్మలాంటివాళ్ళకి కూలి రేటు పెరగాలని అడవిలోకి వెళ్ళానండి నేను. అది తప్పని ఈరోజుకీ అనను. కానీ ఆ కబురు రాసేటప్పుడు నా చెయ్యి వణకలేదు. వాడు నా తమ్ముడు. నేను ఎత్తుకుని పెంచినవాడు."

విడుదలై వచ్చాక ఎవరూ ఇంట్లో పెట్టుకోలేదట. దానియేలే ఆటోలో వచ్చి తీసుకెళ్ళాడు. తమ్ముడి తప్పుని క్షమించాననుకుంటూ ఇన్నాళ్ళూ అతను పెట్టిన అన్నం తిన్నానని చెప్పింది. ఆ మాట దగ్గర మాత్రం నోరు నొక్కుకుంది.

నాకు విప్లవాల మంచిచెడ్డలు తూచే చదువు లేదు. ఆమె ఏ ఆకలి చూసి వెళ్ళిందో ఆ ఆకలి నేను హాస్టల్లో రోజూ చూశాను, అది అబద్ధం కాదు. పట్టుకున్నవాళ్ళు వాళ్ళ డ్యూటీ చేశారు. నేను రికార్డు సరిచేశాను. ఎవరి న్యాయం వాళ్ళకి ఉంది. అందరి న్యాయమూ వెళ్ళి ఆ ఒక్క ఇంటి మీదే ఎందుకు పడిందో మాత్రం నాకు అంతుబట్టలేదు, పడుతుందని అనుకోను.

కరుణమ్మ బయటికి వెళ్ళింది. మేమిద్దరం వెనకే వెళ్ళాం. దానియేలు ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. ఆమె అతని పక్కన నేల మీద కూలబడింది.

"దానీ, నువ్వు చెప్పలేదంటరా. ఈ మేడమ్‌గారు చెప్పారంట."

అతను ట్యూబు మీంచి కళ్ళెత్తలేదు. "మొదటి రోజు నుంచీ అదే మొత్తుకుంటున్నాను కదక్కా" అన్నాడు.

కరుణమ్మ అతని విరిగిన కాలి మీద తల పెట్టి, అప్పుడు ఏడ్చింది. అంత పెద్ద ఏడుపు నేనెప్పుడూ వినలేదు. రోడ్డున పోయేవాళ్ళు బళ్ళు ఆపి చూశారు. రూతు వచ్చి మామయ్య భుజం పట్టుకుని, "నేననుకున్నా మామయ్యా, నేననుకున్నా నావల్లే అని" అంటూనే ఉంది. అతను ఒక తడిచెయ్యి అక్క వీపు మీద, ఒకటి మేనకోడలి చేతి మీద వేశాడు. చాలాసేపటికి నావైపు తిరిగాడు. కోపంగా లేడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మేడమ్‌గారూ, ఈ మాట మా అమ్మ బతికుండగా వచ్చి చెప్పలేకపోయారాండీ?"

కర్లపాలెం నా పాత హాస్టల్‌కి ఎన్నో మైళ్ళు కాదు. నేను బాపట్లలోనే ఆరేళ్ళు పనిచేశాను. ఆటోలో పావుగంట.

అతను వంగి, నీళ్ళల్లోంచి ట్యూబు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.